మగ్గం గుంత ఎవరిది

మొన్న మా మనవరాలు నన్ను ఆటోలో ఎక్కించుకుని సోలాపూర్‌లోని అశోక్ చౌక్ వైపు తీసుకెళ్లింది. నేను పుట్టి పెరిగిన గల్లీని ఒక్కసారి చూపించమని చాలా రోజులుగా దాని ప్రాణం తీస్తున్నాను. గల్లీ అలాగే ఉంది, ఇల్లు లేదు. మా గది ఉన్నచోట నాలుగంతస్తుల బిల్డింగ్ లేస్తోంది. లిఫ్టు కోసమట, నేలలో నలుచదరంగా ఒక గుంత తీసి పెట్టారు. అంచున నిలబడి తొంగి చూశాను. తడిమట్టి వాసన, దానితో పాటు ఒక చల్లదనం పైకి వచ్చి మొహానికి తగిలింది. "పడ్తవ్ అమ్మమ్మా, ఎనుకకు జరుగు" అని పిల్ల నా రెక్క పట్టుకుంది. నేను కదల్లేదు. నా చిన్నతనమంతా అలాంటి గుంత ఒకదాని చుట్టూనే తిరిగింది. ఇంటికి వచ్చాక, "నేను చెబుతాను, నువ్వు రాయి" అన్నాను. సంతకం పెట్టడం, బస్సు మీద ఊరి పేరు కూడబలుక్కోవడం తప్ప నాకు చదువు రాదు. పిల్ల రాస్తోంది. మనుషులు అన్న మాటలు మాత్రం అన్నవి అన్నట్టే ఉంచమన్నాను.

మా ఇల్లంటే ఒక్క గది. అందులో సగం మగ్గానిది, మిగిలిన సగంలో మేము. మాది గుంత మగ్గం. నేలలో తొడల లోతున గుంత తీసి, దాని అంచున కూర్చుని, కాళ్లు లోపలికి వేసి, అడుగున ఉన్న కర్రలు తొక్కుతూ నేసేవాడు నాయిన. ఆ గుంతను మా తాత తీశాడు. కరీంనగర్ దిక్కు నుంచి పెళ్లాన్ని వెంటబెట్టుకుని సోలాపూర్ వచ్చి, ఈ గది కిరాయికి తీసుకుని, పొయ్యి పెట్టకముందే గుంత తవ్వాడట. కొబ్బరికాయ కొట్టి, పసుపు కుంకుమ వేసి, మొదటి పార తానే వేశాడట. వచ్చిన మొరం మట్టిని బయట పారబోయలేదు. వాకిలి పక్కన, గది లోపలే, దానితో ఒక అరుగు వేయించాడు. మా అమ్మను మేము అవ్వ అనేవాళ్లం. అవ్వ ఆ అరుగు మీద కూర్చుని, ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుట్టేది. నాయిన కూర్చునే లోతూ అవ్వ కూర్చునే ఎత్తూ ఒకటే మట్టి.

మధ్యాహ్నం నాయిన అన్నం తినడానికి లేచినప్పుడు నేను గుంతలోకి దిగేదాన్ని. మగ్గం దగ్గరికి చెప్పులతో పోకూడదు, గుంతను దాటకూడదు, కానీ పిల్లలు దిగితే ఎవరూ ఏమీ అనేవారు కాదు. లోపల కూర్చుంటే లోకమంతా పాదాలే. అవ్వ మెట్టెల పాదాలు, వాకిట్లోంచి తొంగి చూసే కోడి కాళ్లు, నీళ్లబిందె మోసుకుపోయే ఎవరివో తడి మడమలు. తల ఎత్తితే పైన పడుగు నూలు, ఆగిపోయిన వాన లాగా. కిటికీ వెలుతురు ఆ పోగుల్లోంచి జారి నా చేతుల మీద చారలు చారలుగా పడేది. గంజి వాసన, తడి గోనెలో చుట్టిపెట్టిన తునికాకు వాసన, తంబాకు ఘాటు, మూడూ కలిసి గుంతలోకి దిగి అక్కడే నిలిచిపోయేవి. మిల్లు భోంగా కూసేదాకా నేను నిద్రకూ మెలకువకూ మధ్య అలా ఊగుతూ ఉండేదాన్ని. ఇప్పటికీ నిద్ర పట్టకపోతే కళ్లు మూసుకుని ఆ గుంతలోకే దిగుతాను.

మా గదుల వరుస ముందు పొడుగాటి వసారా ఉండేది. అన్నాలయ్యాక ఆడవాళ్లంతా చాటలు పట్టుకుని అక్కడ చేరేవాళ్లు. వాళ్లకు కొంచెం ఎడంగా, స్తంభానికి ఆనుకుని రాజయ్య తాత రాట్నం పెట్టుకుని కండెలు చుట్టేవాడు. తాతకు మగ్గం లేదు. వయసులో ఉన్నప్పుడు ఒక వకీలు ఆఫీసు ముందు స్టూలు వేసుకుని కూర్చునేవాడు. వచ్చినవాళ్లకు నీళ్లివ్వడం, పిలిస్తే లోపలికి పంపడం ఆయన పని. అలా ఏళ్ల తరబడి తలుపు బయట కూర్చుని విన్నదంతా బుర్రలో వేసుకున్నాడు. దానికి తోడు మరాఠీ పేపర్ చదివేవాడు. అందుకని మా గల్లీలో ఎవరికి ఏ అనుమానం వచ్చినా తాతను అడగాల్సిందే. ఓటు ఎందుకు, నూలు ధర ఎందుకు పెరిగింది, బస్సు ఆగితే మనిషి ముందుకెందుకు తూలుతాడు, ఆడపిల్లకు అయ్య ఆస్తిలో పాలుందా, అన్నిటికీ తాతే.

పక్కింటి లచ్చవ్వ నోరు పెద్దది. ఆమె ఒకరోజు, "తాతా, సర్కారు కాడ నోట్లు అచ్చేసే మిషిని ఉందంట గద. ఇంటింటికి ఇన్ని అచ్చేసి పంచరాదు? ఆల్ల ముల్లె ఏం పోతది?" అంది.

తాత రాట్నం ఆపాడు. ఆడవాళ్ల చుట్టూ రాలిన తునికాకు ముక్కలు ఏరి, మనిషికి ఒకటి చొప్పున ఇచ్చాడు. "ఇది నల్లా చీటి అనుకోండ్రి. ఒక చీటికి ఒక బిందె. మన నల్లాల పొద్దుగాల ఎన్ని బిందెలొస్తయ్?"

"ఇరవై వస్తె మొక్కుకోవాలె."

తాత మళ్లీ ఏరి మనిషికి పది ముక్కలు పంచాడు. "ఇప్పుడెన్ని?"

"నీ తలకాయ! చీట్లు వెరిగితె నీళ్లు వెరుగుతయా?" అని నవ్విన లచ్చవ్వ, నవ్వుతూ నవ్వుతూనే ఆగిపోయింది. చేతిలో ముక్కల్ని చూసుకుంది. "అయితె బిందెకు పది చీట్లడుగుతరు, దొంగ ముండలు."

"గంతే. నేను జెప్పాల్సింది నువ్వే జెప్పినవ్" అని తాత మళ్లీ రాట్నం తిప్పాడు.

పాలు పొంగుతాయి గదా, నీళ్లెందుకు పొంగవని ఇంకోరోజు అవ్వ అడిగింది. "నీళ్లల్ల ఆవిరి లేస్తె అడ్డం ఏం లేదు, ఎల్లిపోతది. పాలకు మీగడ తలుపు. తలుపు ఏస్తె లోపటోడు ఏం జేస్తడు?" అన్నాడు తాత. "తన్నుకొస్తడు. మా ఇంటాయన తాగొచ్చినప్పుడు జూస్త గద" అంది లచ్చవ్వ. వసారా అంతా నవ్వులు. చేతులు మాత్రం ఆగేవి కావు. ఆకు, తంబాకు, మడత, దారం. నవ్వు కూడా ఆ లయలోనే వచ్చి పోయేది.

ఎండాకాలం గుంత ఎందుకు చల్లగా ఉంటుందని నేను అడిగాను. "ఎండ నేల మీదికెల్లి లోపటికి మెల్లగ నడుస్తది బిడ్డా. అది ఆడిదాక దిగేలోపట వానకాలం వస్తది. మరి ఆ తేమ మీ నాయిన నూలుకు మంచిది. నూలుకు గూడ దప్పికైతది. తాగిన నూలు గట్టిగుంటది, ఎండిన నూలు పుటుక్కుమంటది" అన్నాడు. ఆ మాట విన్నాక చాలా రోజులు పడుగు కింద కూర్చుని, పోగులు నీళ్లు తాగే చప్పుడు వినబడుతుందేమోనని చెవి పెట్టి వినేదాన్ని.

అప్పుడే మా వరుసలో చివరి రెండు గదుల గోడ పడగొట్టి, మాలక్ కరెంటు మగ్గాలు పెట్టాడు. మాలక్ అంటే ఇంటి యజమాని, మరాఠీ ఆయన. చెడ్డవాడేం కాదు. వాకిట్లోకి వస్తే టోపీ తీసేవాడు, నన్ను చూస్తే "కాయ్ గ పోరీ" అని నవ్వేవాడు. ఆ మగ్గాలకు నేల గట్టిగా, సాపుగా, సిమెంటు వేసి ఉండాలి. గుంత ఉన్న గది వాటికి పనికిరాదు. ఒకరోజు మధ్యాహ్నం మా గడపలో నిలబడి, నాయినతో తన తెలుగులో అన్నాడు: "నర్సయ్యా, నా జమీన్ల నువ్వు గుంత తీసినవ్. కాయదా ప్రకారం ఇది నుక్సాన్. నుక్సాన్ చేసిన కిరాయిదార్‌ను నేను ఖాలీ చేయించొచ్చు." కాయదా అంటే చట్టం, నుక్సాన్ అంటే నష్టం.

నాయిన మగ్గం దిగలేదు. "గుంత నేను తీయలే మాలక్. మా నాయిన తీసిండు. మీ నాయిన నిలవడి సూసిండు."

"కాగద్ ఉందా?"

కాయితం లేదు. మాలక్ తండ్రి లేడు, మా తాత లేడు. మాలక్ టోపీ పెట్టుకుని వెళ్లిపోయాడు. నాయిన పేక నూలు నింపిన నాడె విసరబోయి, దాన్ని చేతిలోనే పట్టుకుని కూర్చుండిపోయాడు. ఆ గది పోతే సోలాపూర్‌లో గుంత తవ్వనిచ్చే గది ఇంకొకటి దొరకదు. అప్పటికే ఎవరూ ఇవ్వడం లేదు. గది పోతే మగ్గం పోయినట్టే. ఆ సంగతి నాకు ఎవరూ చెప్పలేదు, అవ్వ చేతిలో బీడీ సగం మడతలో ఆగినప్పుడు అర్థమైంది.

నాయిన ఎవరినీ ఏదీ అడిగే మనిషి కాదు. దారి తప్పినా అడగకుండా తిరిగి తిరిగి ఇల్లు చేరేవాడు. అడగక తప్పనప్పుడు నన్ను పంపేవాడు. "పోయి రాజయ్య తాతను అడుగు. మగ్గం గుంత ఎవరిదని అడుగు" అన్నాడు.

నేను పరుగెత్తాను. తాత రాట్నం పక్కకు జరిపాడు. "జాగ మాలక్‌ది. గుంత అంటె ఏంది? జాగల లేని మట్టి. లేనిదానికి మాలక్ ఎవడు?" అని తనలో తనే నవ్వుకున్నాడు. తర్వాత నవ్వు ఆపి అన్నాడు: "మీ తాత వచ్చిననాడు నేల ఎట్లుండె? సాపుగ. తీస్కున్నది ఎట్లుండెనో అట్లనే అప్పజెప్పాలె, కాయదా గదే. నేల సాపు జేస్తె మాలక్ నోట్లె మాటుండది. నుక్సానే లేదు, ఇంకేం ఖాలీ జేపిస్తడు?"

అంత పెద్ద జవాబు నా చేతికి చిక్కిందన్న సంబరంలో నేను లేచి ఉరికాను. వెనక నుంచి తాత, "ఏయ్ పిల్లా, ఆగు, ఇంకోటి..." అన్నాడు. నేను ఆగలేదు. ఆ ఇంకోటి ఏమిటో నాకు ఇవాళ్టికీ తెలియదు. పెళ్లయ్యాక ఒకసారి అడిగాను. "ఏమన్ననో యాదికి లేదు బిడ్డా" అన్నాడు. నిజంగా గుర్తు లేదో, నామీద బరువు వేయలేక అలా అన్నాడో. ఈ మాట ఇన్నేళ్లలో నేను ఎవరికీ చెప్పలేదు.

మర్నాడు పొద్దున్నే నాయిన మగ్గం విప్పాడు. సగం నేసిన చీరను కోయడానికి మనసొప్పక, పడుగుతో సహా కర్రకు చుట్టి లచ్చవ్వ ఇంటి అటక మీద పెట్టించాడు. గుంత పూడ్చాలంటే మట్టి కావాలి. ఆ మట్టి అరుగులో ఉంది. "నా గద్దె దిగుమంటరా రాణిని?" అని అవ్వ నవ్వింది. ఆ నవ్వు మొహంలోనే ఎండిపోయింది. పలుగు తీసుకుని మొదటి దెబ్బ తానే వేసింది. పెళ్లయి వచ్చిన నాటి నుంచి అలికి అలికి నున్నగా చేసుకున్న అరుగు పెంకులు పెంకులుగా ఊడింది. గుంత తవ్వేటప్పుడు ఏం చేయాలో మా వాళ్లకు తెలుసు, పూడ్చేటప్పుడు ఏం చేయాలో ఎవరికీ తెలియదు. నేసేవాడు బతికుండగా గుంత పూడ్చడం గల్లీలో ఎవరూ చూడలేదు. వరుసలో ఆడవాళ్లంతా వచ్చి, పీనుగు లేచిన ఇంట్లో నిలబడ్డట్టు గోడవారగా నిలబడ్డారు. నాయిన గుంతలోకి దిగి, అడుగున ఒకసారి చేత్తో తడిమి, పైకి వచ్చి మట్టి తోశాడు. దిమ్మిసతో కొట్టి కొట్టి సాపు చేశాడు. అవ్వ అలికి ముగ్గు వేసింది. అప్పటిదాకా ఇరుకుగా ఉన్న గది ఒక్కసారిగా మైదానం లాగా అయింది.

ఆ తర్వాత నాయిన ఇంకొకరి మగ్గం మీద కూలికి పోయాడు. ఇంటికి వస్తే, కాళ్లు ఎక్కడ పెట్టుకోవాలో తెలియని మనిషిలా కూర్చునేవాడు. బాసింపట్టు వేసేవాడు, చాపేవాడు, మళ్లీ ముడుచుకునేవాడు. పూడ్చిన చోట ఎప్పుడూ అడుగు పెట్టలేదు, చుట్టూ తిరిగి పోయేవాడు. నేనూ అంతే.

మాలక్ నోరు మూతపడుతుందని కదా అనుకున్నాం. వానలు మొదలయ్యే ముందు కోర్టు నోటీసు వచ్చింది. గుంత మాట అందులో ఎక్కడా లేదు. ఈ గదిలో ఉన్నవాళ్లు ఇక్కడ ఏ పనీ చేయడం లేదు, ఉత్తగా పడుకోవడానికి వాడుకుంటున్నారు, నాకు మగ్గాలు పెట్టుకోవడానికి ఈ జాగా అవసరం, ఇప్పించండి అని ఉంది. తాత నాయినను కొంతం చౌక్ దగ్గర తనకు తెలిసిన వకీలు వద్దకు తీసుకుపోయాడు. నేనూ వెంటపడ్డాను. ఆ వకీలు చిన్న వయసువాడు. మెల్లగా, మాకు అర్థమయ్యేలా మరాఠీలో చెప్పాడు. కిరాయి సక్రమంగా ఇస్తున్న మనిషిని యజమాని ఊరికే వెళ్లగొట్టలేడు. తనకు జాగా అవసరమని అడిగితే మాత్రం జడ్జి తక్కెడ పట్టుకుంటాడు. ఇల్లు ఇవ్వకపోతే యజమానికి ఎంత కష్టం, ఇప్పిస్తే కిరాయిదారుకు ఎంత కష్టం, ఎటు బరువు ఉంటే అటు తీర్పు. పడుకోవడానికి ఇంకో గది దొరుకుతుంది. కానీ బతుకుదెరువే ఆ గదిలో ఉంటే, జడ్జి పదిసార్లు ఆలోచిస్తాడన్నాడు. నాయిన మొహం వెలిగింది. వకీలు కలం తీసి అడిగాడు: "తుమ్‌చా మాగ్ కుఠే ఆహే?"

మీ మగ్గం ఎక్కడుందని. నాయిన తాత వైపు చూశాడు. తాత నేల వైపు చూశాడు.

మా వాకిట్లోకి వచ్చాక తాత ఆగి, స్తంభం పట్టుకుని అన్నాడు: "నేను తలుపు బయట కూసున్నోణ్ణి నర్సిగా. సగం ఇన్న. ఆ సగమే పూర అనుకున్న. నీ సాచ్ఛెం నీ చేతులతోనే పూడిపిస్తి." నాయిన అనాల్సింది లచ్చవ్వ అంది: "పెద్దమనిషివని అడిగితె కొంప ముంచితివి గద తాతా!" తాత తల వంచుకుని లోపలికి పోయాడు. మర్నాటి నుంచి వసారాలో రాట్నం మోగలేదు. తాత తన గదిలోనే తలుపు దగ్గరగా వేసుకుని కండెలు చుట్టుకున్నాడు. ఆడవాళ్లు చాటలు పట్టుకుని కూర్చునేవాళ్లు, ఒక్క ప్రశ్న లేచేది కాదు. మధ్యాహ్నాలు ఎంత పొడుగో అప్పుడు తెలిసింది.

గదిని చూసి రమ్మని కోర్టు ఒక మనిషిని పంపుతుందని వకీలు కబురు చేశాడు. గుంత మళ్లీ తవ్వొద్దన్నాడు, తవ్వితే కొత్తగా తీశారంటారట. అక్కడ గుంత ఉండేదని ఎలా చూపించాలో మేమింకా తెలియక తల్లడిల్లుతుంటే, అవ్వ మాత్రం ఆ రోజు తెల్లవారుతూనే పేడ తెచ్చింది. అప్పటికి నెల రోజులుగా ముసురు. ఆ రోజే కొంచెం ఎండ పొడిచింది. అవ్వ గదంతా పల్చగా అలికి, ముగ్గు వేయకుండా వదిలేసింది. నాయిన విసుక్కున్నాడు. "కోర్టాయన వస్తుంటె నేలంత తడి జేస్తివేందే?"

"నీకు మగ్గం తెలుసు. నేల నాకు తెలుసు. సప్పుడు జెయ్యక కూసో" అంది అవ్వ.

కోర్టు మనిషి గొడుగు ఊపుకుంటూ వచ్చాడు. మాలక్ వెంట ఉన్నాడు. అవ్వ వాళ్లను వసారాలో కూర్చోబెట్టి, కాళ్లకు నీళ్లిచ్చి, చాయ్ పెట్టింది. ఆ చాయ్ కాగడానికి ఎంతసేపు పట్టిందంటే, మాలక్ రెండుసార్లు గడియారం చూసుకున్నాడు. తాత తన గది తలుపు సందులోంచి చూస్తూ చూస్తూ, ఉండబట్టలేక గడప దాకా వచ్చాడు. గొంతు సవరించుకున్నాడు. అవ్వ చాయ్ గిన్నె పట్టుకునే అంది: "తాతా, నువ్వేం జెప్పకు. ఆయన్ని ఆయన కండ్లతోటి సూడనియ్యి."

చాయ్ తాగి వాళ్లు లోపలికి వచ్చేసరికి నేల ఆరిపోయింది. గదంతా తెల్లబడి, మధ్యలో ఒక్కచోట మాత్రం నల్లగా తడి. అంచులు గీత గీసినట్టు. రెండు జానల వెడల్పు, అంతకు రెట్టింపు పొడుగు. కొంచెం కుంగి కూడా ఉంది. తవ్విన మట్టిని ఎంత దిమ్మిస కొట్టినా మొదటిలా కాదు. దాని లోపల నీటికి ఇళ్లు మిగిలిపోతాయి. వాన చెమ్మ అక్కడే చేరుతుంది, అక్కడే ఎక్కువసేపు ఉంటుంది. ప్రతి శుక్రవారం అలికే అవ్వకు ఇది తెలుసు. ఎందుకని తెలియదు, అవుతుందని తెలుసు.

"హే కాయ్?" ఇదేమిటని కోర్టు మనిషి వంగాడు. నాయిన మూలన ఉన్న గడ్డపార తెచ్చి ఆయన చేతికిచ్చాడు. ఆయన తెల్లటి నేల మీద పొడిస్తే ఖంగుమంది. నల్లటి చోట పొడిస్తే మూరెడు దిగిపోయింది. ఇంకోచోట పొడిచాడు. మూరెడు దిగింది. మాలక్ టోపీ తీసి, మళ్లీ పెట్టుకున్నాడు. కోర్టు మనిషి చాలాసేపు రాసుకున్నాడు. తర్వాత గోడకు మగ్గం కర్రలు ఆనిన చోట నునుపుదేలిన గాడులను కూడా వేలితో తడిమి రాసుకున్నాడు. లచ్చవ్వ అటక మీది సగం చీరను నెత్తిన పెట్టుకుని వచ్చి ఆయన ముందు దించింది. "రాసుకో సాబ్, ఇది గూడ రాసుకో" అంది తెలుగులోనే.

తీర్పు రావడానికి ఎన్ని వాయిదాలు పట్టాయో నాకు గుర్తు లేదు. గది మాకే ఉండనిచ్చారు. గుంత మాది అని మాత్రం ఎవరూ అనలేదు. నేల మాలక్‌దే, అందులో కూర్చుని నేసుకునే హక్కు మాది అని వకీలు చెప్పాడు. నాయినకు ఆ తేడా పట్టలేదు. మిగిలిన గదులు ఒక్కొక్కటే ఖాళీ అయి, మా చుట్టూ కరెంటు మగ్గాల మోత నిండింది. ఆ మోతలోనే నేను పెద్దదాన్నయ్యాను. నా పెళ్లి కూడా కరెంటు మగ్గం నడిపే మనిషితోనే అయింది. ఆ మోతకు ఆయన చెవులు రెండూ పోయాయి. చివరి రోజుల్లో నా మాటను పెదాల మీద చూసి తెలుసుకునేవాడు. ఆయన పోయాక ఇంట్లో నా గొంతు నాకే గట్టిగా వినబడుతోంది. అరవడం అలవాటైపోయింది, ఎవరి కోసమో తెలియదు.

ఇప్పుడు నా మనవరాలు ఏ అనుమానం వచ్చినా ఫోన్‌ను అడుగుతుంది. నేను ప్రశ్న పూర్తి చేయకముందే జవాబు వచ్చేస్తుంది. మంచిదే. మాకు తెలియక పోయినవెన్నో, దీనికి తెలిసి దక్కుతాయి. ఆ జవాబు తప్పయితే ఏమవుతుందని అడిగాను. "ఇంకోటి వెతుక్కుంట" అంది పిల్ల. రాజయ్య తాత జవాబు తప్పయితే తాత తలుపు వేసుకుని కూర్చున్నాడు. మా గల్లీ మొత్తం ఆ తలుపు ముందు నుంచి మెల్లగా నడిచింది. ఏది మేలో నాకు తెలియదు. చదువుకున్నవాళ్లు చెప్పాలి.

తీర్పు వచ్చిన మర్నాడు నాయిన పలుగు, పార కడిగి పెట్టుకున్నాడు. కొబ్బరికాయ తెచ్చాడు. ఇక మొదలుపెడతాడనుకున్నాం. ఆయన మొదలుపెట్టకుండా బయటికి నడిచి, వసారా వెంట పోయి, తాత గది తలుపు తట్టాడు. నన్ను పంపలేదు. నాయిన ఒకరి తలుపు తట్టడం నేను చూడడం అదే మొదలు. చాటలు పట్టుకున్న ఆడవాళ్లందరి చేతులూ ఆగాయి. తాత తలుపు తీసి, చూపు ఎత్తకుండా నిలబడ్డాడు.

"పెద్దాయ్నా, ఒక మాట అడుగుదమని వచ్చిన" అన్నాడు నాయిన.

"నన్ను ఏం అడగకు కొడుకా. నాకేం తెల్వది."

"మగ్గం గుంత ఎంత లోతు తియ్యాలె?"

ఊహ తెలిసినప్పటి నుంచి గుంతలో కూర్చున్న మనిషి ఆ మాట అడిగాడు. ఏనాడూ మగ్గం ఎక్కని మనిషిని అడిగాడు. లచ్చవ్వ ఏదో అనబోయింది, అవ్వ ఆమె మోకాలి మీద చెయ్యి వేసి ఆపింది. తాత నాయిన మొహం వంక చూశాడు. తర్వాత చూపు మెల్లగా కిందికి, నాయిన నడుము దాకా, మోకాళ్ల దాకా, మట్టి అంటిన పాదాల దాకా దిగింది.

"నీ కాలు ఎంతుంటె అంత" అన్నాడు. "సరిగ్గ తెల్వాలంటె, నడువు, కొలిచి సూద్దాం."